బడి బట్టల నియమాలు రాసేటప్పుడు ఆరేళ్ల పిల్లల వేళ్లను చూడాలి

ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే ఒకటో తరగతి పిల్లాడు బాత్రూం వైపు పరుగెత్తుతాడు. ముందు బెల్టు తియ్యాలి, దాని కింద ప్యాంటు హుక్కు, హుక్కు కింద జిప్పు, ఇవన్నీ అయ్యాక టక్ చేసిన చొక్కాను పైకి లాగి పట్టుకోవాలి. పెద్దవాళ్లకు మూడు సెకన్ల పని. ఆ పిల్లాడి చిన్న వేళ్లకు బెల్టు బకిల్ ఊడి రాదు, వెనక నిలబడ్డవాళ్లు తోస్తుంటారు, ఆలోపే ప్యాంటు తడిసిపోతుంది. ఇక మధ్యాహ్నం దాకా బెంచీ చివర ఒక్కడే కూర్చుంటాడు, పక్కవాళ్లు ముక్కు మూసుకుని నవ్వుతారు, సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ కూడా "ఇంతవాడివయ్యాక ఇదేంట్రా" అంటుంది. బెల్టు తప్పనిసరి అని సర్క్యులర్ రాసినవాళ్లకు ఈ సంగతి తెలియనే తెలియదు.

ప్రాథమిక పాఠశాలలో పిల్లలు ఏం వేసుకోవాలి, ఏం వేసుకోకూడదు అనే చర్చ మన దగ్గర ఎప్పుడు వచ్చినా క్రమశిక్షణ, సమానత్వం, సంప్రదాయం లాంటి పెద్ద మాటల దగ్గరే ఆగిపోతుంది. అసలు చూడాల్సింది వేరే ఉంది. ఐదేళ్ల నుంచి పదేళ్ల వయసు పిల్లలు తమ బట్టలు తాము కొనుక్కోరు, ఉతుక్కోరు, ఆరేసుకోరు, చాలామంది తమంతట తాము వేసుకోను కూడా వేసుకోలేరు. కాబట్టి ఈ వయసు పిల్లల బట్టల మీద పెట్టే ప్రతి నియమమూ నిజానికి తల్లిదండ్రుల మీద పెట్టే నియమమే. పాటించాల్సింది పెద్దవాళ్లు, పాటించకపోతే నిలబడేది మాత్రం పిల్లలు. హైస్కూలు, కాలేజీ పిల్లల డ్రెస్ కోడ్ గురించి చేసే వాదనలను తెచ్చి వీళ్లకు అతికిస్తే కుదరకపోవడానికి కారణం ఇదే.

2017 సెప్టెంబరులో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి చదివే పదకొండేళ్ల పాప ఒకరోజు యూనిఫాం లేకుండా వచ్చింది. ఉతికిన యూనిఫాం ఆరలేదని చెప్పింది. ఆ పాపను తీసుకెళ్లి అబ్బాయిల టాయిలెట్‌లో నిలబెట్టారు. ఆ వార్త దేశమంతా పాకింది, రాష్ట్ర మంత్రి స్థాయిలో ఖండించారు, కేసు కూడా పెట్టారు. ఇది మరీ దారుణమైన ఘటన కాబట్టి బయటికి వచ్చింది. బయటికి రానివి రోజూ జరుగుతూనే ఉంటాయి. ప్రేయర్ లైన్లో పక్కకు తీసి నిలబెట్టడం, షూ పాలిష్ లేదని ఎండలో గ్రౌండ్ చుట్టూ తిప్పడం, నల్ల సాక్స్ బదులు నీలం సాక్స్ వేసుకొచ్చిందని మొదటి పీరియడ్ అంతా తలుపు బయటే ఉంచడం. వానాకాలంలో ఒక జత యూనిఫాంతో నెట్టుకొచ్చే ఇంట్లో బట్ట ఆరకపోతే ఏడేళ్ల పాప ఏం చేయగలదు?

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. యూనిఫాం వేసుకోలేదని నలుగురి ముందు అవమానించడం ఈ రెండోదాని కిందికి వస్తుందని చెప్పడానికి పెద్ద న్యాయశాస్త్రం అక్కర్లేదు. యూనిఫాం పెట్టుకోవద్దని చట్టం ఎక్కడా అనలేదు, స్కూళ్లు పెట్టుకోవచ్చు. పైగా ప్రభుత్వ బడుల పిల్లలకు పాఠ్యపుస్తకాలతో పాటు యూనిఫాం కూడా ఉచితంగా అందాలని కేంద్రం తయారుచేసిన నమూనా నిబంధనల్లోనే రాశారు. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు కేటాయించిన 25 శాతం కోటా కింద చేరినవాళ్లకూ అదే వర్తిస్తుంది. అంటే చట్టం దృష్టిలో యూనిఫాం పిల్లలకు రావాల్సిన హక్కు. దాన్నే పట్టుకుని పిల్లలను బయట నిలబెడితే లెక్క తలకిందులైనట్టే.

ఆ హక్కు చేతికి అందే తీరు ఎలా ఉందో కూడా చూడాలి. కేంద్రం పథకం సమగ్ర శిక్ష కింద ఎనిమిదో తరగతి దాకా అర్హులైన పిల్లలకు రెండు జతల యూనిఫాం కోసం ఏడాదికి ఒక్కొక్కరికి 600 రూపాయలు లెక్కగట్టారు, అంతకుముందు సర్వశిక్షా అభియాన్ కాలంలో ఇది 400. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరులో మొదలైన జగనన్న విద్యా కానుకలో మూడు జతల గుడ్డ, షూ, సాక్సులు, బెల్టు, బ్యాగు ఇచ్చారు. ప్రభుత్వం మారాక 2025లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో కిట్లు వచ్చాయి, రంగులూ మారాయి. కుట్టుకూలి కింద ఎనిమిదో తరగతి దాకా జతకు 40 రూపాయల లెక్క పెట్టారు. ఏ ఊళ్లో టైలర్ దగ్గరికెళ్లినా 40 రూపాయలకు ప్యాంటూ చొక్కా కుట్టి ఇవ్వడు, మిగతాది ఇంట్లోంచి పడాల్సిందే. కూలికి పోయే తల్లి ఆ డబ్బు సర్దుబాటు చేసుకునేదాకా గుడ్డ కవర్లోనే ఉంటుంది, పిల్లాడు పోయినేటి పొట్టి నిక్కరుతోనే బడికి వస్తాడు. తెలంగాణలో దారి వేరు. గుడ్డలో చాలా భాగం సిరిసిల్ల మరమగ్గాల మీద నేస్తారు, కుట్టే పని 2024 నుంచి మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు, కుట్టుకూలిని 75 రూపాయలకు పెంచారు. ఊళ్లో ఆడవాళ్లకు పని దొరకడం మంచిదే. కానీ కొలతలు తీసుకోవడం, గుడ్డ రావడం, కుట్టడం, బడికి చేర్చడం అన్నీ బడులు తెరిచే జూన్ లోపు అయిపోవాలి, అందులో ఏ ఒక్కటి వెనకపడినా మొదటి వారాల్లో సగం మంది పాత బట్టల్లోనే కనబడతారు. కొలత తప్పితే భుజాలు మోచేతుల దాకా జారే చొక్కాలు వస్తాయి. ఇన్ని చేతులు దాటి వచ్చే బట్టకు ఆలస్యమైతే ఆ చివరన ఉన్న పిల్లను అడగడం ఎంత అన్యాయమో హెడ్మాస్టర్లకు బాగా తెలుసు, అందుకే ప్రభుత్వ బడుల్లో చాలామంది టీచర్లు దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తారు. ఆ పట్టువిడుపే పిల్లల్ని బడికి రప్పిస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. చాలా ఇళ్లలో బడి యూనిఫామే పిల్లలకున్న మంచి బట్ట. పెళ్లికైనా, సంతకైనా, ఆస్పత్రికైనా దాన్నే వేసి తీసుకెళ్తారు. అందుకే నవంబరు వచ్చేసరికి మోకాళ్ల దగ్గర చిరిగి, గుండీలు ఊడి, పిన్నీసుల మీద నడుస్తుంటుంది. యూనిఫాం వల్ల ధనిక పేద తేడా కనబడదంటారు, అది కొంతవరకు నిజమే. కానీ అదే యూనిఫాం ఎన్ని జతలుంది, ఎంత తెల్లగా ఉంది, ఇస్త్రీ ఉందా లేదా అన్నదాంట్లో తేడా మళ్లీ కనబడుతూనే ఉంటుంది. శనివారం తెల్ల డ్రెస్, తెల్ల కాన్వాస్ షూ అనే నియమం దీనికి పెద్ద ఉదాహరణ. బోరు నీళ్లలో ఉతికిన తెల్లచొక్కా రెండు నెలల్లో పసుపు పచ్చగా మారుతుంది, ఎర్రమట్టి గ్రౌండ్‌లో ఒక్క ఆట ఆడితే చాలు, ఎర్రబడిపోతుంది. చిన్నపిల్లలకు తెలుపు పెట్టడం అంటే వాళ్లను నేల మీద కూర్చోవద్దని, ఆడుకోవద్దని చెప్పడమే.

ఆటల మాట వచ్చింది కాబట్టి ఆడపిల్లల బట్టల గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ఒకటో తరగతి పాపకు ఫ్రాకో స్కర్టో ఇస్తారు, అదే ఈడు బాబుకు నిక్కరు ఇస్తారు. పాప జారుడుబండ ఎక్కబోతే "కాళ్లు దగ్గర పెట్టుకో, సరిగ్గా కూర్చో" అని ఎవరో ఒకరు అంటారు. రోజుకు నాలుగుసార్లు ఆ మాట విన్న పాప కొన్నాళ్లకు జారుడుబండ దగ్గరికి పోవడమే మానేస్తుంది, గోడవారగా కూర్చుని మాట్లాడుకునే గుంపులో చేరుతుంది. కేరళలో ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రభుత్వ ఎల్పీ (లోయర్ ప్రైమరీ) స్కూలు దీనికి ఒక జవాబు చూపించింది. అక్కడ అబ్బాయిలకు, అమ్మాయిలకు ఒకే రకం చొక్కా, మోకాళ్ల కిందిదాకా వచ్చే త్రీఫోర్త్ ప్యాంటు పెట్టారు, 2021లో దేశమంతా దాని గురించి మాట్లాడుకున్నారు. అది ప్రాథమిక పాఠశాల కావడమే ఇక్కడ ముఖ్యం. 2024లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు 135 దేశాలు, ప్రాంతాల నుంచి పది లక్షల మందికి పైగా పిల్లల వివరాలను పరిశీలించారు. యూనిఫాం ఎక్కువగా ఉన్న దేశాల్లో రోజుకు గంటసేపు ఒళ్లు కదిలించే పిల్లలు తక్కువగా ఉన్నారు, ప్రాథమిక వయసులో అబ్బాయిలకు అమ్మాయిలకు మధ్య తేడా ఆ దేశాల్లో ఇంకా ఎక్కువగా కనబడింది. యూనిఫామే దీనికి కారణమని ఆ లెక్కలు రుజువు చేయవు, రెండూ కలిసి కనబడుతున్నాయని మాత్రమే చెబుతాయి. కానీ ఏ బడి గ్రౌండ్ దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూస్తే ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. కనీసం స్కర్టు లోపల వేసుకోవడానికి అదే రంగు షార్ట్స్ యూనిఫాంలో భాగంగా ఇస్తే సగం సమస్య తీరుతుంది.

వద్దు అనాల్సినవి లేవా అంటే ఉన్నాయి, వాటికి గట్టి కారణాలూ ఉన్నాయి. చెవులకు వేలాడే జూకాలు ఆటలో చొక్కా గుండీకి చిక్కుకుంటే తమ్మె చీలిపోతుంది. బంగారు గొలుసు ఆశకు ఎవరైనా పిల్లనే ఎత్తుకుపోవచ్చు. గాజు గాజులు పగిలితే చెయ్యి కోసుకుంటుంది. కాళ్ల పట్టీల కొక్కెం పక్కపిల్ల సాక్సుకు పట్టుకుని ఇద్దరూ పడతారు. అమెరికాలో వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ 1996లో చిన్నపిల్లల జాకెట్ల మెడ దగ్గర, టోపీ దగ్గర లాగి కట్టుకునే తాళ్లు ఉండొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది, ఎందుకంటే ఆ తాడు జారుడుబండ పైన సందులో ఇరుక్కుని పిల్లలు ఉరిపడి చనిపోయారు, బస్సు తలుపులో చిక్కుకున్న సందర్భాలూ ఉన్నాయి. అక్కడ ఎలిమెంటరీ స్కూళ్లలో పిల్లల్ని చేర్చే తెలుగువాళ్లకు చాలా చోట్ల యూనిఫాం లేకపోయినా ఇలాంటి జాగ్రత్తలు హ్యాండ్‌బుక్‌లో కనబడుతుంటాయి, వేళ్లు బయటికి కనబడే చెప్పులు పీఈ (ఆటల పీరియడ్) ఉన్న రోజున వద్దు అన్నట్టు. మన దగ్గర జాకెట్ తాడు లేకపోవచ్చు కానీ ప్రతి పిల్ల మెడలోనూ ఐడీ కార్డు ట్యాగు ఉంటుంది. అది గట్టి నైలాన్ పట్టీ, లాగితే తెగదు. దాన్ని మెడలో వేసుకునే జారుడుబండ ఎక్కుతారు, వ్యాన్ కిటికీలోంచి బయటికి వంగుతారు. లాగగానే విడిపోయే క్లిప్పు ఉన్న ట్యాగు తెప్పించడం, లేదంటే కార్డును జేబుకు పిన్ చేయడం ఏమంత కష్టం కాదు. గోళ్ల రంగు కనిపిస్తే చేతి మీద కొట్టే బడిలో మెడలోని ఆ పట్టీ మీద ఎవరి కన్నూ పడదు.

కాళ్లకు ఏదో ఒకటి ఉండాలి అనే నియమం కూడా అలాంటిదే. మట్టిలో ఉండే కొంకి పురుగు పిల్లల్లోకి అరికాలి చర్మం గుండానే దూరుతుంది, రక్తం తక్కువవడానికి అదొక కారణం. బడుల్లో నులిపురుగుల దినం నాడు ఆల్బెండజోల్ మాత్రలు మింగిస్తున్నాం, ఆ మాత్రకు తోడు చెప్పులుంటేనే ప్రయోజనం. కానీ చెప్పులు చాలు. ఏప్రిల్ ఎండలో నల్ల షూ, మందం సాక్సుల్లో కాళ్లు నానిపోయి వేళ్ల సందుల్లో ఒరుసుకుపోతాయి. లేసులు కట్టుకోలేని వయసులో లేసుల షూ పెట్టి, అవి ఊడి పడిపోతుంటే పాపం ఆయమ్మ ఒక్కతే నలభైమందికి కట్టాలి. వాటి బదులు వెల్క్రో పట్టీ ఉన్నవి పెడితే పోయేదేముంది, అవీ నల్ల షూలే కదా.

నమ్మకాలు, ఆచారాలకు సంబంధించినవి అన్నిటికంటే సున్నితం. ఆషాఢంలో అమ్మమ్మ ఇంట్లో గోరింటాకు పెట్టించుకుని ఎర్రటి చేతులతో సోమవారం బడికి వచ్చిన పాపను లేపి నిలబెట్టే స్కూళ్లు ఉన్నాయి. గోరింటాకు చెరిపితే పోదు, రెండు వారాలు ఉంటుంది, మరి ఆ శిక్ష దేనికి? రాఖీలు, బొట్లు, గోరింటాకు పెట్టుకొచ్చిన పిల్లల్ని పండగల సమయంలో శిక్షించకుండా చూడాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023 ఆగస్టులో రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. కార్తీకంలో తండ్రితోపాటు అయ్యప్ప మాల వేసుకున్న కన్నెస్వాములు నల్ల బట్టల్లో, చెప్పుల్లేకుండా వస్తారు, గేటు దగ్గర గొడవ ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట పేపర్లో కనబడుతుంది. ముస్లిం పాపల స్కార్ఫ్, మెడలో శిలువ, సిక్కు బాబు జుట్టు మీద పట్కా, మొలతాడు, కాలికి కట్టిన నల్లదారం అన్నీ ఈ కోవలోవే. హిజాబ్ మీద కర్ణాటక హైకోర్టు 2022 మార్చిలో తీర్పు ఇచ్చింది, అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరోవైపు తీర్పు చెప్పారు. అది ప్రీ యూనివర్సిటీ (మన ఇంటర్) విద్యార్థినుల కేసు. ఆరేళ్ల పిల్లల దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న ఇంకా చిన్నదవుతుంది: మాల వేసింది నాన్న, స్కార్ఫ్ కట్టింది అమ్మ, తాయెత్తు కట్టించింది నానమ్మ. స్కూలుకు అభ్యంతరం ఉంటే మాట్లాడాల్సింది వాళ్లతో. గేటు దగ్గర పిల్ల తల మీద ఉన్నది తీయించడం, మాల తీసి రమ్మని పంపడం ఏ నియమం పేరుతోనూ చేయకూడని పని. ఒక మతం పిల్లలకు మినహాయింపు ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడమూ అంతే తప్పు, పిల్లలు ఆ తేడాను వెంటనే పసిగడతారు.

తిరుపతిలో తలనీలాలు ఇచ్చి వచ్చిన పిల్లల సంగతి ఇంకోటి. గుండుతో బడికి వెళ్లాలంటే సిగ్గు, అందుకని టోపీ పెట్టుకుంటారు. టోపీ నిషేధం అని టీచర్ తీయిస్తుంది, క్లాసంతా నవ్వుతుంది. జుట్టు వచ్చేదాకా నెల రోజులు టోపీ ఉంచుకోనిస్తే ఏ క్రమశిక్షణా పోదు.

చలికాలంలో ఈ పట్టుదల ప్రమాదకరం కూడా. ఆదిలాబాద్ వైపు, అల్లూరి జిల్లా ఏజెన్సీలో తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంది, అక్కడ కూడా యూనిఫాం రంగు స్వెటర్ కాకపోతే విప్పేయమనే ప్రైవేటు బడులు ఉన్నాయి. 2023 జనవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి క్లాసులో కుప్పకూలి చనిపోయింది, స్కూలు స్వెటర్ పల్చగా ఉందని, వేరేది వేసుకోనివ్వలేదని తల్లి ఆరోపించింది. చావుకు కారణం ఏదైనా, ఆ తర్వాత అక్కడి విద్యాశాఖ పిల్లలు ఏ స్వెటరైనా వేసుకోవచ్చని చెప్పింది. మనవైపు ఎండలదీ అదే కథ. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైనప్పుడే టై, సాక్సులు, వెయిస్ట్‌కోటు పక్కన పెట్టొచ్చని ఒక్క లైను మెసేజ్ పెడితే చాలు. వానాకాలంలో దోమల కోసం ఫుల్ హ్యాండ్స్ వేయమని డాక్టర్లు చెబుతుంటే హాఫ్ హ్యాండ్స్ మాత్రమే యూనిఫాం అనడంలో అర్థం లేదు.

పుట్టినరోజు నాడు కలర్ డ్రెస్ వేసుకుని చాక్లెట్లు పంచడం మన బడుల్లో పిల్లలకు ఏడాదికొక్కసారి వచ్చే సంబరం. ఆ రోజు కూడా పాత యూనిఫాంలో వచ్చే పిల్లలు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు, కొత్త బట్టలు కొనలేకనే. అలాగని సంబరాన్ని ఆపేయనక్కర్లేదు. ఆ పిల్లలు యూనిఫాంలో ఉన్నా కాగితం కిరీటం పెట్టి అందరితో పాట పాడించే టీచర్లు ఉన్నారు, పిల్లల ముఖం అప్పుడు చూడాలి. పసుపు రంగు రోజు, ఆకుపచ్చ రంగు రోజు అంటూ ఎల్కేజీ వాళ్లకు నెలకోసారి పెట్టే కలర్ డేలు మాత్రం వేరే. రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో మెసేజ్ వస్తుంది, పొద్దునకల్లా నారింజ రంగు చొక్కా కావాలి. ఒక ముఖం రుమాలో, చేతికి రిబ్బనో ఆ రంగుది ఉంటే చాలని రాయొచ్చు కదా.

ఇక ఖర్చు. యూనిఫాం, షూ, బెల్టు, టై స్కూల్లోనే కొనాలి అనే ఒత్తిడి మీద పేరెంట్స్ ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. బడి ఆవరణలో పుస్తకాలు, యూనిఫాంలు అమ్మి వ్యాపారం చేయొద్దని సీబీఎస్‌ఈ 2017లోనే తన స్కూళ్లకు చెప్పింది, జిల్లా విద్యాధికారులు కూడా జూన్ ముందు ఇలాంటి ఉత్తర్వులు ఇస్తుంటారు. అయినా ఫలానా షాపులోనే దొరికే గళ్ల గుడ్డ, జేబు మీద కుట్టిన లోగో ఉంటే ఆ ఉత్తర్వు ఏమీ చేయలేదు, బయట ఎక్కడా అది దొరకదు కాబట్టి. ఇంగ్లండ్‌లో 2021లో యూనిఫాం ఖర్చు మీద ఏకంగా ఒక చట్టమే తెచ్చారు, స్కూళ్లు ఖర్చును చూసుకుని నియమాలు పెట్టాలనేది దాని సారం. ఇక్కడ అంత దూరం వెళ్లకపోయినా, మామూలు బట్టల షాపులో దొరికే ఒకే రంగు గుడ్డ పెట్టి, లోగోను విడిగా స్టిక్కర్‌లా ఇస్తే, అమ్మ దాన్ని ఏ చొక్కా మీదైనా కుట్టుకుంటుంది.

కాలనీల్లో ఇంకో మంచి అలవాటు ఉంది. జూన్ రాగానే పైక్లాసు పిల్లలకు పొట్టివైన యూనిఫాంలను ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక సంచిలో పెట్టి పక్కింటివాళ్లకు ఇస్తారు. ఐదో తరగతి అక్క ఫ్రాకు మూడో తరగతి పిన్ని కూతురికి, అక్కడి నుంచి ఆ ఇంట్లో పనిచేసే ఆమె పాపకు వెళ్తుంది. ఆ పాప అదే స్కూల్లో కోటా సీటులో చేరి ఉండొచ్చు. మూడేళ్లకోసారి స్కూలు యూనిఫాం గళ్లు మార్చేస్తే ఆ సంచి ఆ ఏడు ఎవరికీ పనికిరాదు, ఆ పాప వాళ్లమ్మ కొత్త జత కోసం అప్పు చేస్తుంది.